ఆరు, ఏడు, ఎనిమిది: మూడు తరాల బడి



మీ ఇంట్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో చదివే బిడ్డ ఉండి, ఎనభై దాటిన అవ్వో తాతో కూడా ఉంటే, ఈ వారం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి. "నీ బడి ఎట్లుండేది?" అని బిడ్డ చేత అడిగించండి. ఊరు అదే, ఇల్లు అదే, చెప్పుకొనే వయసూ అదే. కాని వినిపించేవి రెండు వేర్వేరు లోకాలు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య గడిచే ఈ మూడేళ్లే పిల్లలు చదువులో నిలుస్తారా, జారిపోతారా అన్నది చాలావరకు తేలుస్తాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఈ మూడేళ్ల బడి ఎలా మారిందో, అందులో మన వంతు పని ఏమిటో ఆలోచిద్దాం.

అవ్వతాతల కాలం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇప్పటి ఆరో తరగతిని అప్పుడు ఫస్టు ఫారం అనేవారు. ఏడు, ఎనిమిది తరగతులు సెకండు, థర్డు ఫారాలు. పల్లెలో చిన్నబడి ఉన్నా, ఫారం చదవాలంటే సాధారణంగా పట్టణానికి పోవాల్సిందే. బడి జీతం కట్టాలి. సద్ది మూట పట్టుకొని మైళ్లు నడవాలి, లేదా బంధువుల ఇంట్లో తలదాచుకోవాలి. అందుకని ఆ మెట్టు ఎక్కినవారు కొద్దిమందే. పేదవాడి కొడుకు గొర్రెల వెంట పోయాడు. ఆడపిల్ల చదువు చిన్నబడితోనే ముగిసేది. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. చదువు మానడం మామూలు, సాగించడం విశేషం.

తండ్రుల కాలం

1959లో పంచాయతీరాజ్ వచ్చిన తర్వాత జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు క్రమంగా పెద్ద పల్లెలకు చేరాయి. 1972లో హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో ప్రభుత్వ గురుకుల పాఠశాల వెలసింది. ప్రవేశ పరీక్షలో నెగ్గిన పల్లెటూరి పిల్లలు అక్కడే ఉండి చదువుకొనే వీలు కలిగింది. 1986 విద్యావిధానంతో వచ్చిన నవోదయ పాఠశాల లేపాక్షిలో ఆరో తరగతి నుంచి పిల్లలను చేర్చుకుంటోంది. ఆ తరంవారికి ఏడో తరగతి ఉమ్మడి పరీక్ష గుర్తుండే ఉంటుంది. బెత్తం, గోడకుర్చీ కూడా గుర్తుండే ఉంటాయి.

బడి దగ్గరైంది కాని పని దూరం కాలేదు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంట్లో పిల్లల చేతులకూ పని ఉండేది. కండెలు చుట్టాలి, మగ్గం దగ్గర పెద్దలకు సాయం కూర్చోవాలి. పల్లెల్లో చెనక్కాయ పీకే రోజులు వస్తే బెంచీలు ఖాళీ. వానలు ఎగ్గొట్టిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరు దారి పడితే పిల్లలూ వెంట పోయేవారు.

ఇక్కడ ఒక మనిషిని తలచుకోవాలి. ఒకప్పుడు యేసు సభ సభ్యుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనందరం ఆర్.డి.టి. అని పిలిచే సంస్థ, దళితవాడల్లో పిల్లలకు అదనపు బడులు నడిపింది. ప్రభుత్వ బడి ఉండగా ఇంకో బడి ఎందుకు? ఇంట్లో చదువు వచ్చినవారు లేని బిడ్డకు బడి గంట కొట్టిన తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. ఆ కష్టాన్ని గుర్తించినవారు చేసిన పని అది.

మనుమల కాలం

ఈ శతాబ్దంలో అడ్డంకులు ఒక్కొక్కటే తొలగుతూ వచ్చాయి. 2003 జనవరిలో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడిలో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం మొదలై, తర్వాత పై తరగతులకూ అందింది. చదువుకు దూరమైన ఆడపిల్లలు ఆరు నుంచి ఎనిమిది దాకా బడిలోనే ఉండి చదివేందుకు 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం వచ్చింది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా ఉచిత విద్య హక్కయింది. బడిలో పిల్లలను కొట్టడం, అవమానించడం నిషిద్ధమైంది. 2020లో కరోనా బడులను మూయించింది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. 2023లో భోజన పథకంలో రాగిజావ చేర్చారు. తాత సద్ది మూటలో మోసుకుపోయిన రాగులే మనుమడికి బడిలో బెల్లంతో జావగా అందాయి!

ఇంకా మిగిలినదేమిటి?

దూరం తగ్గింది, జీతం పోయింది, ఆకలి తీరింది, బెత్తం విరిగింది. మరి అంతా అయిపోయినట్టేనా? వీలు ఉండటం వేరు, అది నిజం కావడం వేరు అని అరిస్టాటిల్ ఏనాడో వివరించాడు. విత్తనంలో చెట్టు అయ్యే వీలు ఉంది. నీరు పోసే చెయ్యి లేకపోతే అది విత్తనంగానే ఎండిపోతుంది. చట్టం ఇచ్చింది వీలు. నీరు పోయవలసింది ఇల్లు.

ఒక మాట గమనించండి. ఆ ఉచిత విద్య హక్కు పద్నాలుగేళ్లతో, ఎనిమిదో తరగతితో ఆగుతుంది. సరిగ్గా ఆ గడప దగ్గరే ఆడపిల్లకు సంబంధాల మాట, మగపిల్లవాడికి బెంగళూరులో పని మాట మొదలవుతాయి. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయరాదని 2006 చట్టం చెబుతోంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని 2016లో సవరించిన చట్టం అంటోంది. ఇంటి మగ్గం దగ్గర సాయమైనా బడి వేళలు ముగిశాకో, సెలవుల్లోనో మాత్రమే, అదీ చదువు చెడకుండా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. అలాంటి చోట మంచి ఉద్యోగం కావాలంటే ఎనిమిదో తరగతి చాలదు.

మరో అడ్డంకి కొత్తది. తాతకు దీపం లేక చదువు ఆగింది. మనుమడికి చేతిలోని ఫోను వెలుగే చదువును ఆపుతోంది. దీనికి ఏ చట్టమూ మందు కాదు. బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని 1965లో రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్యపై ఇచ్చిన ప్రకటన బోధిస్తోంది. చదువు రాని తల్లి కూడా రోజుకు అరగంట బిడ్డ పక్కన కూర్చొని, "ఈ రోజు ఏం చెప్పారు?" అని అడగవచ్చు. నెలకు ఒకసారి బడికి పోయి అయ్యవారిని పలకరించవచ్చు. ఆ అరగంట ఫోన్లు, టీవీ ఇంటిల్లిపాదీ పక్కన పెట్టవచ్చు. ఇక విచారణగా మనం జ్ఞానోపదేశానికి వచ్చే పిల్లల్లో ఎవరు బడి మానారో తెలుసుకొని, ఆ ఇంటికి పోయి మాట్లాడవచ్చు. సాయంత్రం చదువుకోను చోటు లేని పిల్లలకు గుడి ఆవరణలో ఒక గది, ఒక లైటు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

ఒకప్పుడు చదువు సాగించడం విశేషం. ఇప్పుడు ఒక్క బిడ్డ మానినా అది మనకు విశేషంగా, బాధగా తోచాలి. మూడు తరాల మార్పు మన మనసులోకి వచ్చిందో లేదో చెప్పే గుర్తు అదే.

కుటుంబంలో చర్చించుకోండి

1. మన ఇంట్లో అవ్వతాతలు ఎన్నో తరగతిలో, ఏ కారణంతో చదువు ఆపారు?

2. మన వీధిలో ఎనిమిదో తరగతి తర్వాత బడికి పోని పిల్లలు ఎవరు? వారి కోసం మనం ఏం చేయగలం?

3. మన ఇంట్లో చదువు వేళ ఏది? ఆ వేళ పెద్దలం ఏం చేస్తున్నాం?