వాయిదా రోజున కోర్టులో కూర్చో

చిరంజీవి మేనకోడలికి,


మండల విలేకరిగా చేరావని అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే, కాస్త బెంగ కూడా. ఆ బెంగ గురించే ఈ ఉత్తరం.

కాతా సత్యనారాయణ పేరు గుర్తుపెట్టుకో. ఆంధ్రజ్యోతికి తొండంగి మండలం నుంచి వార్తలు పంపేవారు. 2019 అక్టోబరు 15న తుని దగ్గర సొంతూరి పొలిమేరల్లో ఆయన్ని నరికి చంపారు. ఏలూరులో రైలెక్కితే తాడేపల్లిగూడెం, రాజమండ్రి దాటాక వచ్చే తునే అది. అంతకుముందే ఒకసారి దాడి నుంచి బయటపడ్డారని అప్పటి పత్రికలు రాశాయి. ప్రెస్ కౌన్సిల్ తనంతట తానే విచారణకు తీసుకుంది, యునెస్కో ఖండించింది. హత్య జరిగి పక్షం రోజులైనా నిండీ నిండకుండానే, అక్టోబరు 30న, రాష్ట్ర ప్రభుత్వం జీవో 2430 ఇచ్చింది. తప్పుడు వార్తలంటూ పత్రికల మీద ఫిర్యాదు చేసే అధికారం శాఖల కార్యదర్శులకు కట్టబెట్టిన జీవో అది. ఆ రెండు తేదీలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

చిలకలూరిపేటలో ఆంధ్రప్రభ విలేకరి ఎం.వి.ఎన్. శంకర్‌ని 2014 నవంబరులో ఇనుప రాడ్లతో కొట్టి చంపారు. రేషన్ కిరోసిన్ ఎటు పోతోందో ఆయన రాశారు. నువ్వు రాయబోయేవీ అలాంటివే: కొల్లేరులో తవ్వకూడని అయిదో కాంటూరు లోపల తవ్వే చేపల చెరువు, రేషన్ బియ్యం, గట్ల మట్టి. ఢిల్లీ మీద రాసేవాడికి ఢిల్లీ దూరం. నువ్వు రాసినవాడు మర్నాడు నీకు టీకొట్టు దగ్గరే ఎదురవుతాడు.

లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికే కంట్రిబ్యూటర్ చనిపోతే ముందుగా వినిపించే మాట పాత కక్షలని. ఆ తర్వాతి మాట, అసలతను విలేకరే కాదని. అక్రిడిటేషన్ కార్డు ఉన్నా లేకున్నా రాసే హక్కు రాజ్యాంగం 19(1)(ఎ) కింద ప్రతి పౌరుడికీ ఉంది. అయినా ఆ మాట రాకుండా నువ్వే జాగ్రత్తపడు. అచ్చయిన ప్రతి వార్తా తేదీతో కత్తిరించి ఉంచు. బెదిరింపు వస్తే అదే రోజు కాగితం మీద ఫిర్యాదు రాసి, ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకో, డెస్కుకూ ఒకటి పంపు.

ఆ అచ్చు కాగితం ఎంత పనికొస్తుందో చూడు. హర్యానాలో సిర్సా పట్టణపు విలేకరి రామ్‌చందర్ ఛత్రపతి 2002లో తన చిన్న పత్రిక ‘పూరా సచ్’లో అక్కడి డేరా అనే ఆశ్రమాన్ని నడిపే బాబా మీద ఆ ఆశ్రమంలోని ఒక సాధ్వి రాసిన పేరులేని ఉత్తరం అచ్చేశారు. అక్టోబరులో ఇంటి ముందే కాల్చారు, నవంబరులో చనిపోయారు. కొడుకు హైకోర్టుకెక్కి సీబీఐ దర్యాప్తు సాధించాడు. 2019 జనవరిలో సీబీఐ కోర్టు డేరా బాబాకు యావజ్జీవ శిక్ష వేసింది. హత్య ఎందుకు జరిగిందో చెప్పడానికి ఆ అచ్చు కాగితమే ఉంది. పదహారేళ్లు వాయిదాలకు తిరిగిన కుటుంబం ఉంది. అలా తిరిగేవాళ్లు లేకే కాబోలు, ప్రపంచమంతటా విలేకరుల హత్యల్లో 85 శాతం తేలకుండా ఉన్నాయని యునెస్కో 2024లో లెక్క చెప్పింది.

తోటి విలేకరి హత్య జరిగితే మొదటి రోజు మనమంతా నల్ల రిబ్బన్లు కట్టుకుని కలెక్టరేట్ ముందు కూర్చుంటాం. తొంభయ్యో రోజున ఎవరూ ఉండరు. ఆలోగా చార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వచ్చేస్తుంది. కాబట్టి ఎఫ్ఐఆర్ నంబరు, చార్జిషీటు తేదీ, సెషన్స్ కేసు నంబరు, వచ్చే వాయిదా నోట్‌బుక్‌లో రాసుకో. వాయిదాలు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. సాక్షి బోనెక్కిన రోజు హాల్లో ముందు వరసలో కూర్చో. నిందితుడి మనుషులు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే సాక్షి నోరు పెగలదు. పెన్ను పట్టుకున్న నలుగురు కూడా కనిపిస్తే కాస్త ధైర్యం వస్తుంది. ఆ రోజు జరిగింది నాలుగు లైన్లే అయినా అచ్చులో రావాలి.

వచ్చే వారం ఏలూరు వెళ్లినప్పుడు జిల్లా కోర్టులో ఏదో ఒక హత్య కేసు విచారణకు కూర్చో. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎలా అడుగుతున్నారో, డిఫెన్సు లాయరు సాక్షిని ఎక్కడ తికమకపెడుతున్నారో చూసి నాకు రాయి.

ఇట్లు,
మీ మావయ్య,
పెదవేగి