విద్యుత్తు కారు - అమెరికా జనుల సందేహము

మంచి విత్తనమైనను నేల పదును కానిదే మొలకెత్తదు. యంత్రముల విషయమునను ఇంతే. క్రొత్త వస్తువొకటి లోకమున వెలసినంతనే జనులెల్లరును దానిని చేపట్టుదురని తలంచుట పొరపాటు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో విద్యుత్తు కారు నడచిన త్రోవను పరిశీలించినచో ఈ సత్యము స్పష్టమగును.

అమెరికా సంపన్న దేశము. అచట పెక్కు ప్రాంతములలో కారు లేనిదే దినము గడవదు. క్రొత్త యంత్రములను కనిపెట్టుటలో ఆ దేశమునకు గొప్ప పేరు కలదు. అయినను 2024వ సంవత్సరమున అచట అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో విద్యుత్తు కార్లు నూటికి సుమారు ఎనిమిది మాత్రమే. అదే యేట నార్వే దేశమున అవి నూటికి సుమారు ఎనుబది తొమ్మిది! ఈ వ్యత్యాసమునకు కారణమేమి?

ఇది దూరదేశపు ముచ్చట యని మనము త్రోసిపుచ్చరాదు. భూమిని వేడెక్కించు వాయువులలో అమెరికా విడుచునవి మిక్కిలి ఎక్కువ. వానిలో నాలుగవ వంతునకు పైగా వాహనములు మొదలగు రవాణా సాధనముల నుండియే వెలువడుచున్నవి. ఆ వేడికి ఎల్లలు లేవు. వానకై ఆకాశమువంక చూచు మన రైతును గూడ అది బాధించును. కావున ఈ ప్రశ్న మనకును సంబంధించినదే.

విద్యుత్తు కారు నిన్న మొన్న పుట్టినది కాదు. సుమారు 1890లో అయోవా రాష్ట్రమందలి డీ మోయిన్ నగరవాసియగు విలియం మారిసన్ అనునతడు బ్యాటరీతో నడచు బండిని నిర్మించెను. 1897 నాటికి న్యూయార్కు వీథులలో విద్యుత్తుతో నడచు అద్దెబండ్లు తిరుగుచుండెను. 1900 ప్రాంతమున అమెరికాలోని కార్లలో సుమారు మూడవ వంతు విద్యుత్తువే. ఆనాటి పెట్రోలు కారును నడపుట కష్టము. ముందు నిలిచి ఇనుప పిడిని చేతితో గిరగిర త్రిప్పిన గాని ఇంజను కదలదు. ఆ పిడి వెనుకకు తన్నుటచే చేతులు విరిగినవారును కలరు. చప్పుడు, పొగ, దుర్వాసన సరేసరి. విద్యుత్తు కారున కిట్టి బాధలు లేవు. పెట్రోలు కార్లకు ప్రసిద్ధిగన్న హెన్రీ ఫోర్డు భార్యయగు క్లారా సైతము విద్యుత్తు కారునే నడపెడిది.

అట్టి కారు ఏల వెనుకబడెను? 1901లో టెక్సాసు రాష్ట్రమున స్పిండిల్‌టాప్ అనుచోట నూనె బావి ఉబికెను. పెట్రోలు చౌకయయ్యెను. 1908లో ఫోర్డు తన మోడల్ టి కారును వెలువరించెను. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో అమరెను. దానితో పిడి త్రిప్పు బాధ తొలగెను. ఆ కాలమున పెట్రోలు కారు 650 డాలర్లకు లభించుచుండగా విద్యుత్తు కారు వెల 1,750 డాలర్లు. ఊరికిని ఊరికిని మంచి బాటలు పడెను. జనులు దూరప్రయాణములకు అలవాటుపడిరి. పెట్రోలును డబ్బాలలో నింపి పల్లెటూరి అంగడిలోనైనను అమ్మవచ్చును. విద్యుత్తు అట్లు కాదు. 1930 దశకము నడుమ వరకును అమెరికాలోని పల్లెపొలముల ఇండ్లలో పదింట తొమ్మిదింటికి విద్యుద్దీపమే లేదు! ఇక కారునకు విద్యుత్తు ఎక్కడిది? 1935 నాటికి విద్యుత్తు కారు దాదాపు కనుమరుగయ్యెను. అది చెడ్డ యంత్రమగుటచే ఓడలేదు. దానికి తోడు నిలువవలసిన ఏర్పాటులు లేకపోవుటచే ఓడెను. ఈ మాటను గుర్తుంచుకొనుడు.

ఆ కారునకు మరల తరుణము వచ్చుటకు చాలకాలము పట్టెను. 1990లో కాలిఫోర్నియా రాష్ట్రము పొగ విడువని కార్లను కొంతమేర అమ్మితీరవలెనని నియమము చేసెను. 1996లో జనరల్ మోటార్సు సంస్థ ఈవీ-1 అను కారును అద్దెపద్ధతిపై ఇచ్చెను. పిమ్మట తమకు అమ్ముడని కొందరు వేడుకొన్నను వానిని వెనుకకు తీసికొని పెక్కింటిని నుగ్గుచేయించెను. లిథియం బ్యాటరీలు మెరుగుపడిన తరువాత 2008లో టెస్లా రోడ్‌స్టర్, 2010లో నిస్సాన్ లీఫ్ వెలువడెను. నేడు పెక్కు విద్యుత్తు కార్లు ఒక్కసారి శక్తి నింపినచో 250 మైళ్ళు, అనగా సుమారు 400 కిలోమీటర్లు పోగలవు. అయినను జనుల సందేహము తీరలేదు. వారి సందేహములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది వెల. కారు వెలలో పెద్ద భాగము బ్యాటరీదే. సాధారణముగా సాటి పెట్రోలు కారుకంటె విద్యుత్తు కారునకు ముందుగా ఎక్కువ సొమ్ము చెల్లింపవలెను; ఆ సొమ్ము ఇంధనపు ఖర్చులో మెల్లమెల్లగా తిరిగివచ్చును. పెట్రోలు ప్రియమైన దేశములలో ఆ లాభము త్వరగా తెలియును. అమెరికాలో కేంద్ర ప్రభుత్వము గాలను పెట్రోలుపై వేయు పన్ను 18.4 సెంట్లు మాత్రమే. 1993లో నిర్ణయించిన ఆ పన్ను పిమ్మట పెరుగలేదు. 2022 నాటి చట్టము విద్యుత్తు కారు కొన్న అర్హులకు 7,500 డాలర్ల వరకు పన్నులో తగ్గింపు నిచ్చెను గాని, 2025 సెప్టెంబరు 30తో అదియు ముగిసెను.

రెండవది ఇల్లు. బ్యాటరీలో విద్యుత్తు నింపుటను ఛార్జి చేయుట యందురు. ఇద్దరు గృహస్థులను ఊహింపుడు. ఒకడు సొంత ఇల్లు, కారు నిలుపు కొట్టము కలవాడు. మన ఇండ్లలో విద్యుత్తు 230 వోల్టులది. అమెరికా ఇండ్లలోని మామూలు ప్లగ్గులలో 120 వోల్టులే. దానితో గంటసేపు ఛార్జి చేసినచో మూడు నాలుగు మైళ్ళకు సరిపడు శక్తి మాత్రమే చేరును. కావున ఆ గృహస్థుడు 240 వోల్టుల ప్రత్యేకపు ఏర్పాటు చేయించుకొనును. రాత్రి తగిలించి నిద్రించి, ఉదయమున నిండిన బ్యాటరీతో బయలుదేరును. అతనికి ఈ కారు మిక్కిలి సుఖము. రెండవవాడు మూడవ అంతస్తులో అద్దెకుండువాడు. అతని కారు రాత్రియెల్ల వీథిలో నిలుచును. మేడమీదినుండి తీగ వ్రేలాడదీయగలడా? యజమాని అనుమతి లేనిదే గోడకు మేకైనను కొట్టగలడా? అమెరికాలో సుమారు మూడవ వంతు కుటుంబములు అద్దె ఇండ్లలోనే నివసించుచున్నవి.

మూడవది బాట. పెట్రోలు బంకులు దేశమందంతటను లక్షకు పైగా కలవు. అయిదు నిమిషములలో పని ముగియును. త్వరితముగా ఛార్జి చేయు కేంద్రమునందైనను బ్యాటరీ నూటికి ఎనుబది పాళ్ళు నిండుటకు పెక్కు కార్లకు ఇరువది మొదలు నలుబది నిమిషములు పట్టును. కొన్నిచోట్ల యంత్రము చెడియుండును. ఒక సంస్థ కారునకు మరియొక సంస్థ ప్లగ్గు పొసగకుండెడిది; 2023 నుండియే పెక్కు సంస్థలు ఒకే తీరు ప్లగ్గునకు సమ్మతింపసాగెను. 2021లో ప్రభుత్వము చట్టము చేసి ఛార్జింగు కేంద్రములకై 750 కోట్ల డాలర్లు కేటాయించినను నిర్మాణము మందకొడిగా సాగెను. కార్లు లేనిచోట కేంద్రమును నెలకొల్పుటకు వర్తకుడు జంకును. కేంద్రము లేనిచోట కారు కొనుటకు జనుడు జంకును. చెట్టు ముందా, విత్తు ముందా యను చిక్కు ఇదియే.

నాలుగవది దూరము, చలి. సామాన్యముగా ఒక అమెరికనుడు దినమునకు నలుబది మైళ్ళకు మించి కారు నడపడు. అయినను కొనునపుడు ఏటికొకసారి చేయు సుదూర ప్రయాణమునే తలంచును. పండుగకు వచ్చు బంధువులను తలంచి గృహిణి పెద్ద గుండిగ కొనుట లేదా? ఇదియు అట్టిదే. బరువైన బండిని వెనుక తగిలించి లాగించినచో సగము దూరమునకే శక్తి తరిగిపోవచ్చును. చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగించును. పెట్రోలు ఇంజను వృథాగా విడుచు వేడి లోనివారిని వెచ్చగా నుంచును; విద్యుత్తు కారులో ఆ వెచ్చదనమునకును బ్యాటరీయే శక్తి నియ్యవలెను. 2024 జనవరిలో షికాగో ప్రాంతమున గడ్డకట్టు చలి వీచినపుడు ఛార్జింగు కేంద్రముల యెదుట కార్లు బారులు తీరెను; కొన్ని ఆ వరుసలోనే శక్తి ఉడిగి నిలిచిపోయెను.

అయితే నార్వేలో చలి లేదా? కలదు. అచటి ప్రభుత్వము 1990 నుండియే విద్యుత్తు కారుపై కొనుగోలు పన్నును తొలగించెను. 2001లో అమ్మకపు పన్నును గూడ మినహాయించెను. పెట్రోలు కార్లపై మాత్రము బరువైన పన్నులు నిలిపెను. ఇండ్లయొద్దను బాటలయందును ఛార్జింగు వసతి పెరిగెను. కావున చలి యొక్కటియే అడ్డంకి కాదని తేలుచున్నది. ఏర్పాటు కుదిరినచో చలిదేశమునందును ఈ కారు నడచును.

మరియొక సంగతి కలదు. అమెరికా బాటలపై తిరుగు కార్ల సగటు వయస్సు పండ్రెండేండ్లకు మించినది. బాగుగా నడచు కారును ఎవడును ఊరక పారవేయడు. నేటినుండి అందరును విద్యుత్తు కార్లనే కొన్నను, పాతవి తొలగుటకు పెక్కేండ్లు పట్టును.

అమెరికాలో కొందరు ఈ కారును రాజకీయ పక్షముల వివాదముగా మార్చిరి. ఒకరు జనులను మూఢులని నిందింతురు. మరియొకరు కారునే పనికిమాలినదని నిందింతురు. రెండును తొందరపాటు మాటలే. అద్దె ఇంటివాడు సందేహించుట మూఢత్వము కాదు. అతని వీథిలో ఛార్జింగు స్తంభము నాటినచో, కారు వెల అతనికి అందినచో ఆ సందేహము తనంతట తానే కరుగవచ్చును.

బాలబాలికలారా! మీరు పెరిగి పెద్దవారై క్రొత్త యంత్రములను నిర్మింతురు; వానిని కొందురు; వానికై చట్టములును చేయుదురు. మేలైన వస్తువును సృజించుట సగము పని మాత్రమే. దానిని పేదవాడును, అద్దె ఇంటివాడును వాడుకొనుటకు వీలగు ఏర్పాటు చేయుట తక్కిన సగము. ఆ రెండవ సగమును మరచినవాని శ్రమ నేల విడిచిన సామే యగును.

ప్రశ్నలు

1. 1900 ప్రాంతమున జనులు విద్యుత్తు కారును మెచ్చుటకు కారణములేవి?
2. 1935 నాటికి అది కనుమరుగగుటకు దారితీసిన పరిస్థితులను వివరింపుడు.
3. సొంత ఇంటివానికిని అద్దె ఇంటివానికిని విద్యుత్తు కారు విషయమున గల భేదమేమి?
4. “చెట్టు ముందా, విత్తు ముందా” యను సామెత ఈ పాఠమున ఎట్లు అన్వయించును?
5. నార్వే ఉదాహరణము వలన మనము గ్రహింపవలసిన దేమి?