సందేహాలు – సమాధానాలు: చిన్న ఆర్ఎన్ఏ ఎవరి చేతికి చిక్కుతుంది?

మొక్కల్లో జన్యువులను అణచిపెట్టే చిన్న ఆర్ఎన్ఏల గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: డైసర్ ప్రొటీన్లు కత్తిరించిన చిన్న ఆర్ఎన్ఏలు ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌తో కలిసి జన్యువులను అణచివేస్తాయని చదువుకున్నాం. ఆర్గొనాట్లు కూడా చాలా రకాలున్నాయట. మరి ఏ ఆర్ఎన్ఏ ఏ ఆర్గొనాట్‌తో కలవాలో ఎలా తేలుతుంది?
– బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. పాఠాలు ఎక్కువగా డైసర్ దగ్గరే ఆగిపోతాయి, అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది. చిన్న ఆర్ఎన్ఏ ఒంటరిగా ఏ పనీ చేయలేదు. అది ఏ ఆర్గొనాట్‌లో కుదురుకుందో దాన్ని బట్టే దాని పని ఉంటుంది. ఒకదానిలో చేరితే సందేశ ఆర్ఎన్ఏ తెగుతుంది, ఇంకొకదానిలో చేరితే డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పడతాయి, మరొకదానిలో చేరితే ఏ పనీ లేకుండా పడి ఉంటుంది.

ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే అరబిడాప్సిస్ ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క. అందులో ఆర్గొనాట్ జన్యువులు 10 ఉన్నాయి. మన వరిలో 19. 2008లో యీజున్ చీ, గ్రెగరీ హానన్ బృందాలు అరబిడాప్సిస్ ఆర్గొనాట్లను విడివిడిగా బయటికి తీసి, ఒక్కోదానిలో ఏయే ఆర్ఎన్ఏలు ఉన్నాయో చదివి చూశాయి. ఆర్ఎన్ఏకు నాలుగే అక్షరాలు కదా: ఎ, యు, జి, సి. ‘యు’తో మొదలయ్యేవి ఎక్కువగా ఆర్గొనాట్-1లో దొరికాయి. ‘ఎ’తో మొదలయ్యేవి 2లోనూ 4లోనూ, ‘సి’తో మొదలయ్యేవి 5లోనూ దొరికాయి. తపాలా కార్యాలయంలో పిన్‌కోడ్ మొదటి అంకె చూసి ఉత్తరాలను వేరుచేసినట్టు, కణం ఆర్ఎన్ఏ మొదటి అక్షరం చూసి వేరుచేస్తోందన్నమాట. ఆ ఒక్క అక్షరాన్నే మార్చి చూస్తే ఆర్ఎన్ఏ ఒక ఆర్గొనాట్‌ను వదిలి మరోదానిలోకి వెళ్లింది. నన్నడిగితే ఈ రంగంలో ఇంత సూటిగా తేల్చి చెప్పిన ప్రయోగాలు చాలా తక్కువ.

ఆర్గొనాట్ ప్రొటీన్‌లో ‘మిడ్’ అనే భాగం ఉంది. ఆర్ఎన్ఏ మొదటి అక్షరం అందులోని గుంటలో ఇరుక్కుంటుంది, ఆ గుంట ఆకారం ఒక్కో ఆర్గొనాట్‌కు ఒక్కోలా ఉంటుంది. ఆర్ఎన్ఏ చివరి కొసను ‘పాజ్’ అనే భాగం పట్టుకుంటుంది. కోసేది ‘పివి’ అనే భాగం. చిన్న ఆర్ఎన్ఏలోని 10వ, 11వ అక్షరాలకు ఎదురుగా, సరిగ్గా ఆ రెండింటి మధ్యే సందేశ ఆర్ఎన్ఏ తెగుతుంది.

అయితే మొదటి అక్షరమే సర్వస్వం కాదు. ఆర్గొనాట్-2, 4 రెండూ ‘ఎ’నే కోరుకుంటాయి కదా, అక్కడ పొడవు లెక్కలోకి వస్తుంది. 21 అక్షరాలవి 2వ దానిలోకి, 24 అక్షరాలవి 4వ దానిలోకి చేరతాయి. డీఎన్ఏకు మిథైల్ గుర్తులు వేయించి, ఎగిరి దూకే జన్యుముక్కలను కదలకుండా కట్టడి చేసేవి ఈ 24 అక్షరాలవే.

ఇంకో విశేషం ఉంది. డైసర్ కత్తిరించినప్పుడు ఆర్ఎన్ఏ రెండు పోగుల జంటగా ఉంటుంది. ఆ పోగుల మధ్య ఎక్కడెక్కడ అక్షరాలు సరిగా జతకట్టలేదో కూడా కొన్ని ఆర్గొనాట్లు గమనిస్తాయి. చిన్న ఆర్ఎన్ఏల్లో ఒక రకమైన మైక్రో ఆర్ఎన్ఏల్లో 165, 166 అనేవి ‘యు’తో మొదలవుతాయి కాబట్టి 1వ దానిలోకి పోవాలి. కానీ ఎదిగే కొనమొగ్గలో వాటి జంట ఆకారాన్ని గుర్తుపట్టి ఆర్గొనాట్-10 లాక్కుంటుంది. లాక్కుని వాటితో పని చేయించదు, 1వ దానికి చిక్కకుండా దాచి ఉంచుతుంది. చిక్కితే కొనమొగ్గను నిలబెట్టే జన్యువుల సందేశాలు తెగిపోతాయి. ఆర్గొనాట్-10 లోపించిన కొన్ని అరబిడాప్సిస్ రకాల్లో మొలక దశలోనే కొన ఎదుగుదల ఆగిపోతుంది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఆర్గొనాట్-10 గురించి తప్పకుండా రాయమ్మా.

ప్రశ్న: మొక్కకు సోకిన వైరస్‌ను కోసేది కూడా ఆర్గొనాట్లే అయితే, మొక్క వాటిని వీలైనన్ని ఎక్కువ తయారుచేసుకోవచ్చు కదా?
– జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: ఆర్గొనాట్-1 మితిమీరితే మొక్క సొంత జన్యువుల లెక్కలూ తప్పుతాయి. అందుకే దాని మీద ఒక కాపలా ఉంది. మైక్రో ఆర్ఎన్ఏ 168 ఆర్గొనాట్-1లోనే చేరి, ఆ ఆర్గొనాట్-1ను తయారుచేసే సందేశాన్నే కోస్తుంది. ఆర్గొనాట్ ఎక్కువైతే కోత ఎక్కువై మళ్లీ తగ్గుతుంది. వరిలో మాత్రం అవసరానికి ఒక దారి ఉంది. వైరస్ సోకగానే ఆర్గొనాట్-18 పెరిగి, 168ని తానే పట్టేసుకుంటుంది. దాంతో కాపలా సడలి ఆర్గొనాట్-1 పెరుగుతుంది. చైనా శాస్త్రవేత్తలు 2015లో ఈ సంగతి బయటపెట్టారు.

ప్రశ్న: మా సోయా గింజల మీద నల్లటి, గోధుమరంగు చారలు వచ్చాయి. ఇది ఎరువు లోపమా, విత్తన లోపమా?
– రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఎరువు లోపం కాదండీ. సోయా గింజ పసుపు పచ్చగా ఉండటానికి కారణం చిన్న ఆర్ఎన్ఏలే. గింజ తొక్కకు రంగునిచ్చే చాల్కోన్ సింథేజ్ అనే ఎంజైము జన్యువులను తొక్కలో చిన్న ఆర్ఎన్ఏలు అణచిపెడతాయి. రంగు తయారవదు కాబట్టి గింజ పసుపుగా ఉంటుంది. సోయా మొజాయిక్ వైరస్ లాంటివి సోకినప్పుడు, ఆ వైరస్ తనను తాను కాపాడుకోవడానికి మొక్కలోని చిన్న ఆర్ఎన్ఏల పనిని చెడగొడుతుంది. అలా చెడగొట్టినచోట అణిగి ఉన్న రంగు బయటపడుతుంది. మీరు చూస్తున్న చారలు చాలావరకు అవే. జపాన్ పరిశోధకులు 2004లో దీన్ని రుజువు చేశారు.

1990లో అమెరికాలో పెటూనియా పూలకు ముదురు ఊదా రంగు తేవాలని ఇదే ఎంజైము జన్యువును అదనంగా పెడితే, కొన్ని మొక్కలకు తెల్లపూలు పూశాయి. ఈ శాస్త్రమంతా అక్కడి నుంచే ఊపందుకుంది. మీ గింజల మీద జరిగింది దానికి తలకిందులు.

చారలున్న ప్రతి గింజలోనూ వైరస్ ఉండాలని లేదు. కానీ ఈ వైరస్ విత్తనం ద్వారా వ్యాపిస్తుంది కాబట్టి ఆ గింజలను విత్తనానికి దాచుకోకండి. చార కాకుండా ఊదారంగు మచ్చ ఉంటే అది శిలీంధ్రం పని. ఆ రెండూ వేరు.

ప్రశ్న: అన్నంలోని ఆర్ఎన్ఏ మన రక్తంలో చేరి మన జన్యువులను మారుస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?
– గృహిణి, ఖమ్మం

జవాబు: 2012లో చైనా నుంచి అలాంటి పరిశోధన ఒకటి వెలువడిన మాట నిజమేనమ్మా. వరిలోని 168వ మైక్రో ఆర్ఎన్ఏ మనుషుల రక్తంలో కనిపించిందని, ఎలుకల్లో కొలెస్ట్రాల్‌ను ప్రభావితం చేసిందని అందులో రాశారు. ఆ తర్వాత వేరే ప్రయోగశాలలు పరీక్షిస్తే ఆ ఫలితం నిలవలేదు. పైగా అందులో కూడా డీఎన్ఏ మారుతుందని చెప్పలేదు. నిశ్చింతగా తినండి.

ప్రశ్న: మొక్కకే ఇంత రక్షణ ఉంటే మా బొప్పాయి తోట రింగ్ స్పాట్ వైరస్‌తో ఎందుకు నాశనమైంది? ఆర్ఎన్ఏ మందు పిచికారీ చేస్తే బాగవుతుందని ఒకాయన అంటున్నాడు.
– రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ తోట పోయినందుకు బాధగా ఉందండీ. బొప్పాయి చెట్టు కూడా ఈ వైరస్‌ను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు ఆర్గొనాట్‌లోకి చేరితేనే వైరస్‌కు చావు. ఈ కుటుంబపు వైరస్‌ల దగ్గర ‘హెచ్‌సీ-ప్రో’ అనే ప్రొటీన్ ఉంది. అది ఆ ముక్కలను ముందే పట్టేసి ఆర్గొనాట్ దాకా చేరనివ్వదు. దోసలో, టమాటాలో వచ్చే కుకుంబర్ మొజాయిక్ వైరస్ మరో ఎత్తు వేస్తుంది, ఏకంగా ఆర్గొనాట్-1నే అడ్డుకుంటుంది. ముందు ఎవరిది పైచేయి అన్నదే అసలు పోరు.

వైరస్ రాకముందే చెట్టులో ఆ ముక్కలు సిద్ధంగా ఉంటే చెట్టే గెలుస్తుంది. హవాయిలో 1998 నుంచి సాగవుతున్న ‘రెయిన్‌బో’ బొప్పాయి నిలబడింది అందువల్లే. దానిలో వైరస్ కోటు ప్రొటీన్ జన్యువు పెట్టారు. మన దేశంలో దానికి సాగు అనుమతి లేదు. ఆర్ఎన్ఏ పిచికారీ సంగతికొస్తే, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు 2017లో సన్నని బంకమట్టి పొరల మీద ఆర్ఎన్ఏను అంటించి ఆకుల మీద చల్లితే కనీసం 20 రోజులు రక్షణ దొరికింది. కానీ అది వేరే వైరస్‌ల మీద, అదీ వైరస్ సోకకముందు చల్లినప్పటి ఫలితం. ఇప్పటికే సోకిన బొప్పాయి చెట్టును బాగుచేసే మందు ఏదీ లేదు.

ఈ వైరస్‌ను మోసేది పేనుబంక. అది ఆకును క్షణాలపాటు గుచ్చినా వైరస్ అంటుకుంటుంది, పురుగుమందు పనిచేసేలోపే నష్టం జరిగిపోతుంది. కాబట్టి నారును పురుగు దూరని వలలో పెంచండి. తెగులు కనబడిన చెట్టును మొదటి రోజే పీకి తోట బయట పూడ్చండి. దోస, గుమ్మడి లాంటి తీగ పంటలను తోటలోనూ పక్కనా వేయకండి. ఆ మందు మాత్రం కొనకండి.