వీపున వెన్నుపాము నలిగినప్పుడు

కాళ్ళు బిగుసుకొని నడక తడబడగానే మనవారు వాతమని తలచి తైలమర్దనము మొదలుపెట్టుదురు. నడుమునొప్పికి తైలము మేలుచేయును, కాదనలేము. కాని వీపులో వెన్నుపాము నలుగుటచే వచ్చిన బిగువు మర్దనముతో తగ్గదు. చరకసంహిత సైతము ఊరుస్తంభమున, అనగా తొడలు స్తంభించు వ్యాధిలో, స్నేహనము కూడదన్నది. ఆ వ్యాధియు ఇదియు ఒకటేయని మా అభిప్రాయము కాదు. కాళ్ళు బిగిసిన ప్రతివారికి నూనె హితము కాదని పూర్వులెరుగుదురు.

మెడకు దిగువన, నడుమునకు ఎగువన 12 పూసలున్నవి. అచ్చటి నాళము ఇరుకు, రక్తప్రసరణయు తక్కువ. క్షయ, కంతి, జారిన డిస్కు ఒత్తిడికి కారణములు కావచ్చును. తెలుగునాట మరియొకటి కలదు: ఫ్లోరైడు నీరు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో దీనిని గుర్తించిరి. నల్గొండ సంగతి అందరెరిగినదే. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారిలో పూసలను వెనుకవైపు కలుపు పసుపుపచ్చని బంధకము ఎముకవలె గట్టిపడి వెన్నుపామును నొక్కును.

చెప్పు కాలినుండి జారినను తెలియదు. చీకటిలో తూలుదురు. పొట్టచుట్టు పట్టీ బిగించినట్లుండును. మూత్రము ఆగదు, లేదా ఎంతసేపటికి రాదు. నొప్పి ఉండకపోవచ్చును, కనుకనే ఉపేక్షింతురు. ఇట్టివారి వీపు త్రొక్కించుట మిక్కిలి ప్రమాదకరము. నడుమునకు మాత్రమే ఎం.ఆర్.ఐ. తీయించి ఏమియు లేదని ఊరడిల్లరాదు, వీపునకును తీయించవలెను.

ఒత్తిడి వెనుకనుండి ఉన్నచో పూస వెనుకకప్పును తొలగింతురు. దీనినే లామినెక్టమీ అందురు. గట్టిపడిన బంధకము వెన్నుపాము పొరకు అతుకుకొని యుండవచ్చును గనుక సన్నని డ్రిల్లుతో పలుచగా అరగదీసి విడదీయుదురు. పొర చిరిగి లోపలి నీరు కారు ప్రమాదము లేకపోలేదు. డిస్కు ముందునుండి నొక్కినప్పుడు ఈ మార్గము తగదు. నడుములోని నరములవలె వెన్నుపామును ప్రక్కకు జరుపరాదు. పూర్వము వెనుకనుండియే డిస్కు తీయబోగా పలువురికి కాళ్ళు చచ్చుబడెను. కావున పక్కటెముక కొంత తీసి ప్రక్కనుండియో, ఛాతీ గుండానో చేరుదురు. క్షయకు మందులే ప్రధానము. బలహీనత పెరుగుచున్నచో శస్త్రచికిత్స అవసరమగును.

నడువగలిగి యుండగానే చేయించుకొన్నవారు బాగుగా కోలుకొందురు. నెలల తరబడి మంచము పట్టినవారికి అంత ఆశ చెప్పలేము.

ఇంటికి వచ్చిన పిమ్మట కదలలేని రోగిని రెండు గంటలకొకమారు ప్రక్క మార్చి పడుకోబెట్టవలెను, లేనిచో పుండ్లు పడును. గాయము పూర్తిగా మానువరకు అచ్చట తైలము తగులనీయరాదు. తరువాత వైద్యుని అనుమతితో కాళ్ళకు నువ్వులనూనె మెల్లగా రాయవచ్చును. కాపడము మాత్రము వద్దు. స్పర్శలేని చర్మము కాలి బొబ్బలెక్కినను రోగికి తెలియదు.