చిన్న విమానములు - ప్రమాద కారణములు

గుంటూరు జిల్లాలోని కాకుమాను ప్రాంతమున నల్లరేగడి భూములు విస్తారముగా కలవు. లారీలు రాని పూర్వకాలమున అచ్చటి రైతులు తమ పంటను ఎడ్లబండ్లపై సంతలకు చేరవేసెడివారు. బండి తోలువాడు ఎంత తొందరలో నున్నను బయలుదేరుటకు ముందు ఒక పనిని మరువడు. వంగి, చక్రము చెంతనున్న కడసీలను చేతితో తాకి చూచును. కడసీల చిన్న ఇనుపముక్క. ఇరుసు కొనయందు అది బిగిసియుండుటవలననే చక్రము ఊడక నిలుచును. అది జారిపోయినచో ఎడ్లు ఎంత బలమైనవైనను, బండి ఎంత కొత్తదైనను దారిలో ఒరిగిపోక తప్పదు.

ఒరిగిన బండి నేలమీదనే ఆగును. ఆకాశమున నెగురు విమానమునకు ఆ వెసులుబాటు లేదు. అందువలన విమానమునకు సంబంధించిన కడసీలలను నేలమీద నున్నపుడే చూచుకొనవలయును.

ఒకే ఇంజనుతో నడచు చిన్న విమానములు ప్రపంచమున వేలకొలది కలవు. చోదకులకు శిక్షణ నొసగుటకు, మారుమూల ప్రాంతములకు సరకులు చేరవేయుటకు, రోగులను తరలించుటకు, పైరులపై మందు చల్లుటకు ఇవి ఉపయోగపడును. మన దేశముననే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారు పైరులకు మందు చల్లుటకై ‘బసంత్’ అను ఒంటి ఇంజను విమానమును 1970వ దశకమున నిర్మించిరి.

ఇట్టి విమానముల ప్రమాదములు తెలుగువారికి దుఃఖము మిగిల్చిన సందర్భములు లేకపోలేదు. చలనచిత్ర నటి సౌందర్య 2004 ఏప్రిల్ 17వ తేదీన ఎన్నికల ప్రచారమునకై బెంగళూరు సమీపమున గల జక్కూరు నుండి కరీంనగరునకు సెస్నా 180 అను విమానమున బయలుదేరెను. నేలవిడిచిన కొద్దిసేపటికే ఆ విమానము కూలి, అందున్న నలుగురును మరణించిరి. 2019 అక్టోబరు 6వ తేదీన వికారాబాదు జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద సెస్నా 172 శిక్షణ విమానము కూలి ఇరువురు శిక్షణార్థులు అసువులు బాసిరి. 2022 ఫిబ్రవరి 26వ తేదీన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున సెస్నా 152 విమానము కూలి మరియొక శిక్షణార్థిని మరణించెను.

ఇట్టి దుర్ఘటనలను విచారించుటకు భారత ప్రభుత్వము 2012లో విమాన ప్రమాద పరిశోధన సంస్థను నెలకొల్పెను. దాని విచారణకు ఉద్దేశము ఒకరిని దోషిగా నిలుపుట కాదు. అట్టి ప్రమాదము మరల జరుగకుండ చూచుటయే. ప్రపంచమంతట ఇట్టి విచారణల ఫలితములను చదివిన, కొన్ని కారణములు పదేపదే కానవచ్చును.

ఇంజను ఒక్కటే కావున అది చెడుటయే ప్రధాన కారణమని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఇట్టి పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరునకు రెండేసి స్పార్కు ప్లగ్గులును, వానికి విద్యుత్తు నొసగు రెండు మాగ్నెటోలును ఉండును. ఒకటి చెడినను రెండవది పని చేయును. ఇంజను పూర్తిగా ఆగినను విమానము రాయివలె పడదు. గాలి లేని వేళ సెస్నా 172 విమానము ఒక కిలోమీటరు ఎత్తునుండి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరము మెల్లగా జారుచు పోగలదు. ప్రమాదములలో అధికభాగము మానవుని పొరపాట్లవలననే కలుగుచున్నవి.

వానిలో మొదటిది ఇంధనమును గూర్చిన అజాగ్రత్త. పెట్రోలు ఎంత కలదో కన్నులార చూడక, అంచనాపై బయలుదేరి నడుమ దారిలో ఇంధనము నిండుకొన్నవారు కలరు. ఒక ట్యాంకు నిండియుండగా, ఖాళీయైన ట్యాంకువైపు మీటను త్రిప్పియుంచి ఇంజను నాపుకొన్నవారును కలరు. సగము నిండిన ట్యాంకులో రాత్రి చల్లదనమునకు తేమ నీరై దిగును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగున చేరును. అందుచే చోదకుడు ప్రతి ఉదయమును ట్యాంకు అడుగునుండి కొంత పెట్రోలును గాజుపాత్రలోనికి తీసి, నీటిబొట్టు లేదని నిశ్చయించుకొనవలెను.

రెండవది కంటికి కనబడని శత్రువు. మట్టికూజాలోని నీరు వేసవిలో చల్లబడుటకు కారణమేమి? కూజా గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుచు వేడిని గ్రహించుటయే. ఇంజనునకు ఇంధనము నందించు కార్బ్యురేటరులోను అట్లే జరుగును. పెట్రోలు ఆవిరియగుచు గాలిని చల్లబరచును. బాపట్ల సముద్రతీరమున వీచు గాలివలె తేమతో కూడినదైనచో, బయట 25 డిగ్రీల వెచ్చదనమున్నను కార్బ్యురేటరు గొంతులో మంచు కట్టును. క్రమముగా ఇంజను శక్తి తగ్గి ఆగిపోవును. వేడిగాలిని లోనికి పంపు మీటను సకాలమున లాగినచో మంచు కరగిపోవును. లాగనిచో ప్రమాదమునకు పిదప ఆ మంచు కరగి, ఇంజనులో ఏ లోపమును కనిపించదు.

మూడవది రెక్కల పట్టు తప్పుట. గాలి రెక్కపై ఒరసికొని పారుచున్నంత కాలము విమానము నిలుచును. చోదకుడు వేగమును తగ్గించి ముక్కును మితిమీరి పైకెత్తినచో, గాలికిని రెక్కకును నడుమ కోణము పెరిగి, సుమారు 15 డిగ్రీలు దాటగానే ఆ ప్రవాహము చెదరును. అంతట ఇంజను నడచుచున్నను విమానము క్రుంగును. ఎత్తున నున్నచో ముక్కును దించి సరిచేసికొనవచ్చును. నేలకు చేరువలో నున్నచో ఆ వ్యవధి లభింపదు.

ఈ ప్రమాదము లేచిన తొలిక్షణములలో మిక్కిలి దారుణమైనది. నేల విడిచినంతనే ఇంజను ఆగిపోయినచో, వెనుక విడిచివచ్చిన రన్‌వే చోదకుని మనస్సును పిలుచును. వెనుకకు మరలుటకై విమానమును ఒక ప్రక్కకు తీవ్రముగా ఒరగించును. 60 డిగ్రీలు ఒరిగినచో రెక్కలపై భారము రెట్టింపగును. విమానము నిలుచుటకు వలయు కనీస వేగము నూటికి 41 వంతులు పెరుగును. ఆ వేగము లేనందున విమానము గిరగిర తిరుగుచు కూలును. కావున ముందున్నది వరిమడియైనను, బీడుభూమియైనను, తిన్నగా ముక్కును దించి అందే దిగవలెనని శిక్షకులు బోధింతురు. విమానము విరిగినను ప్రాణములు దక్కును.

అధిక భారము మరియొక కారణము. రోహిణీ కార్తె ఎండలలో గాలి పలుచనగును. పలుచని గాలిలో ఇంజను శక్తియు, రెక్కల బలమును తగ్గును. చలికాలమున లేచిన బరువుతోనే వేసవి మధ్యాహ్నమున లేవజూచినచో రన్‌వే చాలకపోవచ్చును. సరకును వెనుకవైపున ఎక్కువగా నింపినచో విమానము తూకము తప్పును.

చివరిది మేఘములలో ప్రవేశించుట. కంటిచూపుతో మాత్రమే నడుపుట నేర్చినవాడు మేఘములో చొచ్చినచో ఏది పైయో ఏది క్రిందో తెలిసికొనలేడు. చెవిలోపలి సమతౌల్య యంత్రము అతనిని మోసగించును. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు 1954లో ప్రకటించిన పరిశోధనలో, పరికరములు చూచి నడుపుట నేర్వని ఇరువదిమందికి బయటి దృశ్యము కనబడకుండ చేసిరి. ఇరువదిమందియు విమానముపై అదుపును కోల్పోయిరి. అందుకు పట్టిన సగటు కాలము 178 సెకండ్లు. అనగా మూడు నిమిషములైనను లేదు. పిదప వారికే పరికరముల సాయముతో మెల్లగా వెనుదిరుగు పద్ధతిని నేర్పగా, దాదాపు ప్రతి పర్యాయమును క్షేమముగా బయటపడిరి.

ఇంజను ఆగిన వేళ వెనుదిరుగుట ప్రమాదము. మేఘము ఎదురైన వేళ వెనుదిరుగకుండుట ప్రమాదము. ఈ వివేకమును ఆపద వచ్చిన పిమ్మట వెదకికొనుటకు వ్యవధి యుండదు. నేలమీద నున్నపుడే నిర్ణయించుకొని యుండవలయును.

జ్ఞాపకశక్తిని నమ్మరాదని లోకమునకు నేర్పిన ఘటన 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో జరిగెను. బోయింగ్ సంస్థ నిర్మించిన నాలుగు ఇంజనుల పెద్ద విమానమొకటి పరీక్షార్థము లేచి కూలిపోయెను. అనుభవశాలియైన చోదకుడు, మరియొకరు మరణించిరి. ఇంజనులలో దోషము లేదు. నిలిపియుంచినపుడు తోకపలకలు గాలికి కొట్టుకొనకుండ వేసిన గడియను తీయుట మరచిరి. నాటినుండి చోదకులు చేయవలసిన పనులను కాగితముపై వ్రాసికొని, ఒక్కొక్కటిగా చదివి సరిచూచుకొను ఆచారము స్థిరపడెను. నేటికిని సెస్నా విమానమైనను, వందలమందిని మోయు విమానమైనను ఆ పట్టిక లేకుండ లేవదు.

ఇంధనమును చూచుట, బరువును లెక్కించుట, ఆకాశమును పరికించుట, గడియలు తీసితినా యని తాకి చూచుట - ఇవి యన్నియు చిన్న పనులు. వీనిలో ఏదియు గొప్ప విద్య కాదు. ఐనను ప్రాణములు వీనిపైననే ఆధారపడి యున్నవి. “నేడు వాతావరణము బాగులేదు, నేను బయలుదేరను” అని పెద్దల యెదుట చెప్పగల చోదకుడు పిరికివాడు కాడు. సాహసము ఆకాశమున చూపదగిన గుణమే. కాని దానికి ముందు నేలమీద వంగి కడసీలను తాకి చూచు వినయము ఉండవలయును.

ప్రశ్నలు

1. బండి తోలువాడు కడసీలను ఏల తాకి చూచును? విమానమునకు దానిని ఎట్లు అన్వయింపవచ్చును?
2. వెచ్చని దినమునను కార్బ్యురేటరులో మంచు కట్టుటకు కారణమేమి?
3. లేచిన వెంటనే ఇంజను ఆగినచో చోదకుడు ఏమి చేయవలెను? ఏల?
4. ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధనవలన తెలిసిన విషయమేమి?
5. “బయలుదేరను” అని చెప్పుట ధైర్యమే యనుటను మీ మాటలలో సమర్థింపుడు.