చేవ కోయాలంటే ఎంత మిషను కావాలి?

పోయిన దసరా సెలవుల్లో మా మామయ్య నాకో ప్రాజెక్టు ఇచ్చాడు. సీనియర్ల రికార్డులు తిరగేసి కాపీ కొట్టడానికి వీల్లేని ప్రాజెక్టు. "ఏటిరా అల్లుడూ, కంప్యూటర్ సదువుతున్నావు కదా, నెట్టులో సూసి పెద్ద మిషను ఏదో ఒకటి సెప్పు" అన్నాడు. మిషను అంటే చెట్లు కోసే చైన్ సా. మా పత్రికలో కవితల మధ్య దీని గురించి వ్యాసమేంటని మా ఎడిటర్ అక్క ముందే అడిగేసింది. చివరిదాకా చదివితే ఇందులో ఒక మంచి తెలుగు మాట కూడా ఉందని చెప్పి ఒప్పించా.

మామయ్యది అనకాపల్లి దగ్గర పల్లె. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోడ్ల నిండా చెట్లు పడిపోయాయి కదా, అప్పుడు గొడ్డలితో మొదలుపెట్టి, తర్వాత మిషను కొని ఇదే పనిలో ఉండిపోయాడు. తోటల్లో ఎండిన మామిడి, ఇళ్ల మీదికి వాలిన వేప, గట్ల మీద పడిపోయిన చింత, ఇలాంటివి కోస్తాడు. నిలబడి ఉన్న చెట్టయితే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కాగితం చూపిస్తేనే మిషను బయటికి తీస్తాడు. ఈ విషయంలో మాత్రం చాలా స్ట్రిక్టు.

ఆ దసరాకి ఒక రైతు పొలం గట్టు మీద ముసలి చింతచెట్టు వేర్లతో సహా ఒరిగిపోయింది. మొదలు దగ్గర మూడున్నర అడుగుల మందం. మామయ్య దగ్గరున్నది 58 సీసీ అని రాసున్న మిషను, 22 అంగుళాల బార్. కొమ్మలన్నీ హాయిగా కోసేసింది. మానులోకి దిగాక ఏడుపు మొదలుపెట్టింది. మామయ్య బరువంతా వేసి నొక్కాడు. రెండో రోజు మధ్యాహ్నం కీచుమని అరిచి ఆగిపోయింది, తాడు లాగితే కదల్లేదు. పిస్టన్ పట్టేసింది. ఇంకా సగం మాను అలాగే ఉంది, రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, ఇద్దరు కూలీలు ఖాళీగా కూర్చున్నారు. నాకు ప్రాజెక్టు వచ్చింది ఆ సాయంత్రమే.

నేను ఏం చేశానో ఊహించండి. ఎక్సెల్ షీట్ చేశా. కంపెనీల స్పెసిఫికేషన్లు దించుకుని సీసీ కాలమ్ మీద పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ కొట్టా. అన్నిటికన్నా పైన స్టిల్ ఎంఎస్ 881 వచ్చింది: 121.6 సీసీ, 6.4 కిలోవాట్లు. "మామయ్యా, ఇదే" అన్నా. ఆయన ధర అడగలేదు. "బరువెంతుంటాదిరా?" అన్నాడు. చూస్తే 9.9 కిలోలు, అది కూడా బార్, చైను, పెట్రోలు లేకుండా. ఆయన నవ్వి నా ల్యాప్‌టాప్ మూసేశాడు. రోజుకి ఆరు గంటలు ఎత్తి పట్టుకోవాల్సిన మనిషి ముందు నేను పెట్టిన కాలమ్ అది.

ఇక్కడ ఆ తెలుగు మాట చెప్పాలి. మా అమ్మమ్మ నన్ను ఎప్పుడూ "వీడికి చేవ లేదు" అంటుంది. చేవ అంటే దమ్ము అనే నేను అనుకునేవాణ్ణి. ఆ గట్టు మీద మామయ్య కోసిన చోట వేలు పెట్టి చూపించాడు. బయట చుట్టూ లేత రంగు చెక్క, నడిమధ్యలో ముదురు రంగు గట్టి భాగం. "ఇదే చేవ" అన్నాడు. చెట్టు వయసు పెరిగే కొద్దీ లోపల గట్టిపడే చెక్క. మనుషులకి ఈ మాట చెట్టు నుంచే వచ్చిందని నాకు పందొమ్మిదో ఏట తెలిసింది. మిషను ఏడ్చింది కూడా సరిగ్గా అక్కడికి వచ్చాకే. టేకు ఘనపు మీటరు సుమారు 650 కిలోలు ఉంటే, చింత సుమారు 900 ఉంటుంది. మటన్ కొట్లో కత్తి పడే మొద్దు చింతమొద్దే ఎందుకవుతుందో ఇప్పుడు అర్థమైంది.

మర్నాడు అనకాపల్లిలో మెకానిక్ ఇంజను విప్పాడు. పిస్టన్ మీద నిలువునా గీతలు. ఆయన దగ్గర వెర్నియర్ ఉంటే, ఫస్టియర్ ల్యాబ్ గుర్తొచ్చి, సిలిండర్ కొలవమని అడిగా. వ్యాసం 45.2 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 34. లెక్క కడితే 54.6 సీసీ. డబ్బా మీద 58. మెకానిక్‌కి ఆశ్చర్యమేమీ లేదు, "ఇయన్నీ ఇంతే" అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అయినా అసలు పాఠం ఆ మూడు సీసీల మోసంలో లేదు. సీసీ అంటే సిలిండర్‌లో పిస్టన్ కదిలే చోటు కొలత, బలం కాదు. బలం కిలోవాట్లలో ఉంటుంది. మా పాత మిషను ప్లేటు మీద 2.2 కిలోవాట్లు అని ఉంది. అది నిజమే అనుకుందాం. స్టిల్ ఎంఎస్ 382 అనేది 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు. అంటే సీసీ మూడో వంతు పెరిగితే బలం ముప్పావు వంతు పైన పెరిగింది. హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ 70.7 సీసీకే 4.1 కిలోవాట్లు ఇస్తుంది. ఇంజను గాలి ఎలా పీలుస్తుంది, పొగ ఎలా వదులుతుంది, ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర గట్టిగా లాగుతుంది అన్నదాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. నా షీట్‌లో కిలోవాట్‌ని కిలోతో భాగించి కొత్త కాలమ్ పెట్టా. 881 కన్నా ఎంఎస్ 661 మెరుగ్గా కనిపించింది: 91.1 సీసీ, 5.4 కిలోవాట్లు, 7.4 కిలోలు. సరే, 661 అని తేల్చేసుకున్నా. ఇది కూడా తొందరపాటే.

ఈలోగా మిగిలిన మాను కోయడానికి మామయ్య పక్క మండలం నుంచి ఒకాయన్ని పిలిచాడు. మామయ్య ఆయన్ని బావ అంటాడు, నేను తాతా అని పిలిచా. ఆయన మిషను 70 సీసీ తరగతిది, 25 అంగుళాల బార్. మా మిషను రెండు రోజులు ఏడ్చిన అదే మానులోకి దించాడు. నొక్కలేదు, దాని బరువుకి అదే దిగింది. కింద పడుతున్నది చూడమన్నాడు. గోరంత గోరంత చెక్క పేళ్లు. మా మిషను దగ్గర పడింది మెత్తని పొట్టు, ముఖానికి రాసుకునే పౌడరులా. తాత మా పాత చైను తీసి పంటి మీద బొటనవేలు గోరు పెట్టి లాగాడు. గోరు మీద గీత పడలేదు. "దీంతో సింత కోసావా బావా?" అన్నాడు. మామయ్య ఏమీ అనలేదు.

ఆ గంటలో నేను నేర్చుకున్నది యూట్యూబ్‌లో మూడు రాత్రులు చూసినదానికన్నా ఎక్కువ. చైను పన్ను రెండు భాగాలు. వెనక కోసే అంచు, దాని ముందు చిన్న గూను లాంటి మెట్టు. అంచు ఎంత లోతు దిగాలో నిర్ణయించేది ఆ మెట్టే, అంచు కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి. అంచుని ఆకురాయితో అరగదీస్తూ పోతే అంచు ఎత్తు తగ్గుతుంది, మెట్టు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడు పన్ను ఎంత పదునైనా చెక్కని అందుకోలేదు, మనం నొక్కుతాం, రాపిడికి వేడెక్కుతుంది. మామయ్య మెట్టుని ఒక్కసారి కూడా అరగదీయలేదు. అదొకటి తీయాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పిస్టన్ పట్టేయడంలో సగం తప్పు చైనుది. మిగతా సగం ఆయిల్ కొలతది, కూల్‌డ్రింక్ మూతతో పోసేవారు. మంచి టూటీ ఆయిల్‌కి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, మామూలు రకానికి 40, డబ్బా మీద ఏది రాస్తే అది కొలిచి పోయాలి.

అయితే పెద్ద మిషను అక్కర్లేదా, చైను పదును పెట్టుకుంటే చాలా? ఇదే ప్రశ్న నేను తాతని అడిగా. ఆయన చాలదన్నాడు, లెక్క కూడా ఆయన మాటే నిజమని చెప్పింది. మా పాత చైను పిచ్ 0.325 అంగుళాలు. పన్నుకీ పన్నుకీ మధ్య నాలుగు పిచ్‌లు, అంటే 1.3 అంగుళాలు. 12 అంగుళాల కొమ్మ కోస్తున్నప్పుడు చెక్కలో ఉండేవి 9 పళ్ళు. 22 అంగుళాల బార్ మొత్తం మానులో మునిగితే 17 పళ్ళు. ఇంజను అదే, లాగాల్సిన పళ్ళు దాదాపు రెండింతలు, పైగా చెక్క చేవ. మన భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ మార్చకుండా లోడ్ డబుల్ చేయడం. కాబట్టి బార్ ఎంత పొడవు కొన్నామన్నది కాదు, ఎంత పొడవు మునుగుతుందో అంతకి సరిపడా బలం కావాలి. చిన్న ఇంజనుకి పొడుగు బార్ తగిలించి అమ్మడం సులువు, కోసేవాడికే కష్టం.

బార్ విషయంలో నాకున్న ఇంకో అపోహ పోయింది. మూడున్నర అడుగుల మానుకి మూడున్నర అడుగుల బార్ కావాలనుకున్నా. అక్కర్లేదు, రెండు వైపుల నుంచీ కోస్తారు. 25 అంగుళాల బార్‌తో నాలుగు అడుగుల దాకా లాగొచ్చు. మామయ్య పదేళ్లలో కోసిన వాటిలో అంతకన్నా లావుపాటివి ఎన్ని అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి నాలుగు అన్నాడు. నా 661 ఆశ అక్కడే సగం చచ్చిపోయింది.

మిగతా సగం తాత ఎడమ చెయ్యి చూశాక పోయింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కుట్ల మచ్చ. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషను గిర్రున వెనక్కి, మన ముఖం వైపు లేస్తుంది. ముందున్న చేతి గార్డే బ్రేకు, అది పడితే చైను ఆగుతుంది. ఆయన పాత మిషనుకి అది విరిగిపోయి ఉందట. నేను లెక్క వేశా: 3/8 పిచ్ చైను, 7 పళ్ళ స్ప్రాకెట్, 9500 ఆర్‌పీఎం అయితే చైను సెకనుకి 21 మీటర్లు పోతుంది. మనకి ప్రమాదం అని తెలియడానికి సెకనులో అయిదో వంతు పట్టినా ఈలోగా నాలుగు మీటర్ల చైను దాటిపోయి ఉంటుంది. మిషను పెద్దదయ్యే కొద్దీ ఈ దెబ్బ కూడా పెద్దదవుతుంది, అలసిపోయిన చేతుల్లో ఇంకా. హెల్మెట్, కళ్ళకి జాలీ, చెవులకి మఫ్, చైనుని పట్టి ఆపేసే పీచు ఉన్న ప్యాంటు, ఇవన్నీ మిషను ధరలో కలిపి చూడాలని నా షీట్‌లో రాశా. అత్తయ్య ఆ ఒక్క లైనే చదివించుకుని, "ఇదైతేనే డబ్బులిస్తాను" అంది. చీటీ పాడేది ఆవిడే మరి.

డబ్బు సంగతి కూడా ఉంది. 90 సీసీ దాటిన మిషనుకి చీటీ పాడిన డబ్బు చాలదు, అత్తయ్య గాజులు బ్యాంకుకి వెళ్లాలి. 72 సీసీదానికి చీటీ డబ్బు సరిపోయి, హెల్మెట్టూ ప్యాంటూ కూడా వస్తాయి. నా షీట్‌లో చివరికి మిగిలింది రెండే వరసలు, 3.9 కిలోవాట్లది, 4.1 కిలోవాట్లది. రెంట్లో ఏదైనా పరవాలేదని తాతా నేనూ ఒకే మాట అన్నాం. అనకాపల్లిలో విడిభాగాలు ఏదానికి త్వరగా దొరుకుతాయని మెకానిక్‌ని అడిగి మామయ్య ఎంచుకున్నాడు. నా షీట్‌లో ఆ కాలమే లేదు.

చైను మాత్రం నేను చెప్పినదే తీసుకున్నాడు. అంచు మూల చదరంగా ఉండే రకం పచ్చి చెక్కని వేగంగా కోస్తుంది, కానీ మట్టి తగిలితే వెంటనే మొద్దుబారుతుంది. మూల గుండ్రంగా ఉండే రకం కొంచెం నిదానం, పదును మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది. గట్ల మీద పడిపోయి, బెరడులో మట్టి ఇరుక్కున్న ఎండు చింతకి రెండోదే నయం. పాత మిషనుకి పిస్టన్, సిలిండర్ మార్పించి 16 అంగుళాల బార్ వేశాడు. ఇప్పుడది కొమ్మలకి.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్త మిషనుతో ఎండిపోయిన వేప ఒకటి కోస్తున్నారు. మధ్యాహ్నం అన్నాలకి ఆగినప్పుడు మామయ్య చైను విప్పకుండానే మొద్దు మీద బిగించి, ఆకురాయి నా చేతికిచ్చాడు. 25 అంగుళాల బార్‌కి 42 పళ్ళు, 21 ఇటు వంపు, 21 అటు వంపు. ఒక్కో పంటికి మూడు సార్లు, ఒకే కోణంలో, ముందుకి మాత్రమే తోయాలి. ఆయనకి పది నిమిషాల పని. నాకు ముప్పావుగంట పట్టింది. తర్వాత మిషను స్టార్ట్ చేసి మానులో దించి, కింద పడిన పేళ్లని గుప్పెట్లో పట్టి చూశాడు. అందులో కొంచెం పొట్టు కూడా ఉంది. "కుడి పక్క పళ్ళు సరిగ్గా రాలేదు, మళ్ళీ రాయి" అన్నాడు.