పాఠం: వారాలు లెక్కపెట్టి ముందు తేదీ కనుక్కోవడం



డాక్టరు మూడు వారాలు రెస్టు రాస్తాడు. కంపెనీ ముప్పై రోజులు లీవు ఇస్తుంది. ఇటువంటి కాగితాల మీద ఎన్ని రోజులో ఉంటుంది గానీ, తిరిగి డ్యూటీలో ఏ తేదీన చేరాలో చాలాసార్లు రాసి ఉండదు. ఆ తేదీ మీరే కనుక్కోవాలి. ఒక్క రోజు తప్పినా జీతం కట్ అవుతుంది. ఎక్కువ రోజులు తప్పితే పనికి రావడం లేదని మీ మీద రిపోర్టు వెళ్ళే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ పాఠం శ్రద్ధగా చదవండి, రూములో చదువు రాని వారికి చదివి వినిపించండి.

1. మన ఊరి లెక్క, కాగితం లెక్క

మన ఊళ్ళో రెండు వారాలను "పదిహేను రోజులు" అంటాం. ఇవాళ్టి రోజును కూడా కలిపి లెక్కపెట్టడం వల్ల అలా అలవాటైంది. నిజానికి రెండు వారాలంటే 14 రోజులే. కాగితం మీద 15 అని ఉంటే 15, 14 అని ఉంటే 14. అలాగే "నెల రోజులు" అన్నా, "30 రోజులు" అన్నా ఒకటి కాదు. నెలకు 28 రోజులుండవచ్చు, 31 ఉండవచ్చు. 30 రోజులంటే 4 వారాల 2 రోజులు.

2. గుర్తుంచుకోవలసిన ఒకే ఒక్క సూత్రం

పూర్తి వారాలు ఎన్ని కలిపినా వారం పేరు మారదు. ఆదివారం నుంచి మూడు వారాలు లెక్కపెడితే ఆదివారమే వస్తుంది, ఇరవై ఆరు వారాలు లెక్కపెట్టినా ఆదివారమే. మీ లెక్కలో సోమవారం వస్తే ఎక్కడో తప్పు చేశారన్నమాట, మళ్ళీ చూసుకోండి.

లీవు మొదలైన రోజుకు వారాలు కలిపితే వచ్చేది డ్యూటీలో చేరాల్సిన రోజు. దాని ముందు రోజు లీవులో ఆఖరి రోజు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి ఒక రోజు ఆలస్యంగా వెళ్తారు.

3. లెక్క కట్టే పద్ధతి

మొదలైన తేదీకి 7 కలుపుతూ పోండి. నెల చివరి తేదీ దాటితే, ఆ నెలలో ఉన్న రోజులు తీసివేయండి. మిగిలింది వచ్చే నెల తేదీ.

ఉదాహరణ: 2026 మే 3, ఆదివారం నుంచి 30 రోజుల లీవు. 10, 17, 24, 31. నాలుగు వారాలు అయ్యాయి, మే 31 ఆదివారం. ఇంకా 2 రోజులు కలపాలి. 31కి 2 కలిపితే 33. మేలో 31 రోజులు, కాబట్టి 33లోంచి 31 తీసేస్తే 2. అంటే జూన్ 2, మంగళవారం డ్యూటీలో ఉండాలి. విమానం టికెట్ ఆ రోజుకు కాదు, అంతకు ముందే బుక్ చేసుకోండి.

ఏ నెలకు ఎన్ని రోజులో గుర్తు లేకపోతే పిడికిలి బిగించి చూడండి. చూపుడు వేలి కణుపు దగ్గర జనవరి అని మొదలుపెట్టండి. కణుపు మీద పడిన నెలకు 31, సందులో పడిన నెలకు 30 రోజులు. ఫిబ్రవరికి మాత్రం 28, లీపు సంవత్సరంలో 29. జూలై చిటికెన వేలి కణుపు మీద పడుతుంది, ఆగస్టును మళ్ళీ చూపుడు వేలి కణుపు నుంచి మొదలుపెట్టాలి.

4. సిక్ లీవు: ఇక్కడ వారాలే డబ్బు

2023లో వచ్చిన ఒమాన్ కార్మిక చట్టం (రాజశాసనం 53/2023) ప్రకారం జబ్బు చేసిన కార్మికుడికి సంవత్సరానికి 182 రోజుల వరకు సిక్ లీవు ఉంది. అంటే సరిగ్గా 26 వారాలు. జీతం ఇలా తగ్గుతూ వస్తుంది:

1 నుంచి 21వ రోజు వరకు (మొదటి 3 వారాలు): పూర్తి జీతం
22 నుంచి 35 వరకు (తర్వాత 2 వారాలు): 75 శాతం
36 నుంచి 70 వరకు (తర్వాత 5 వారాలు): 50 శాతం
71 నుంచి 182 వరకు (చివరి 16 వారాలు): 35 శాతం

ఒక మేస్త్రీకి నడుము ఆపరేషన్ అయి, 2026 జనవరి 4, ఆదివారం నుంచి సిక్ లీవు మొదలైందనుకుందాం. నెల జీతం 120 రియాళ్ళు. జనవరి 24 వరకు పూర్తి జీతం లెక్క. జనవరి 25 నుంచి నెలకు 90 రియాళ్ళ లెక్క. ఫిబ్రవరి 8 నుంచి 60 రియాళ్ళ లెక్క. మార్చి 15 నుంచి 42 రియాళ్ళ లెక్క. 182 రోజులు జూలై 4తో పూర్తవుతాయి. మారే ప్రతి తేదీ ఆదివారమే, గమనించండి. ఇంటికి ఎంత పంపగలరో, అప్పు వాయిదా ఎలా కట్టాలో ఈ తేదీలు చూసి ముందే ఇంట్లో వాళ్ళకు చెప్పవచ్చు.

పాతవాళ్ళు "సిక్ లీవు పది వారాలే" అని చెప్తే, అది 2003 నాటి పాత చట్టం లెక్క. ఇప్పుడు అది లేదు. అలాగే ప్రసూతి సెలవు ఇప్పుడు 98 రోజులు, అంటే 14 వారాలు. ఇళ్ళలో పనిచేసేవారికి, పనిలో దెబ్బ తగిలినవారికి వేరే నిబంధనలు ఉంటాయి. అటువంటివారు విడిగా అడిగి తెలుసుకోవాలి.

5. జాగ్రత్తలు

తేదీతో పాటు వారం పేరు కూడా రాయించుకోండి. రెండూ కలవకపోతే తప్పు అప్పుడే బయటపడుతుంది.

అరబ్బీ అంకెల్లో ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా చిన్న చుక్కలా ఉంటుంది. 15ను 10 అనుకుని మోసపోకండి.

ఒమాన్‌లో 2013 మే నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. లీవు కాగితంలో ఉన్నవి సెలవులు కలిపిన రోజులా, పని రోజులా అని సంతకం పెట్టే ముందే అడగండి.

డాక్టరు సర్టిఫికెట్ కాపీ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. ఫోనులో ఫొటో తీసి ఇంటికి కూడా పంపండి.

6. మీరే చేసి చూడండి

(అ) ఎండాకాలంలో ఆరుబయట పనికి మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు విరామం జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉంటుంది. 2026 జూన్ 1 సోమవారం. 13 వారాల తర్వాత ఏ తేదీ?

(ఆ) 2026 ఆగస్టు 9, ఆదివారం నోటీసు ఇచ్చారు. 30 రోజులకు ఏ తేదీ వస్తుంది?

జవాబులు: (అ) ఆగస్టు 31, సోమవారం. (ఆ) సెప్టెంబరు 8, మంగళవారం.

లెక్కలో అనుమానం ఉన్నా, కంపెనీ చెప్పిన తేదీ మీ లెక్కతో కలవకపోయినా ఊరుకోవద్దు. కాగితాలు తీసుకుని ముందు కంపెనీ ఆఫీసులో అడగండి. అక్కడ తేలకపోతే మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని గానీ, కార్మిక మంత్రిత్వ శాఖను గానీ సంప్రదించండి. గడువు దాటాక వచ్చేకంటే, ముందుగా వస్తే సహాయం చేయడం తేలిక.